ఏ తోట?

జోజి కన్నుమూసిన దగ్గర పోయిన వారం కథ ఆపాం. బొగ్గుబావుల్లో సర్వేయరుగా పనిచేసి, రిటైరయ్యాక కారేపల్లి దాటిన తర్వాత అడవి అంచున మామిడితోట పెంచుకున్న మనిషి ఆయన. భార్య సువార్తమ్మ ఎప్పుడో పోయింది. పిల్లలు లేరు. తన తర్వాత ఆ తోట తాను చదువుకున్న యూనివర్సిటీకి చెందాలని, చర్ల అవతలి అడవి ఊళ్ల నుంచి చదువుకు వచ్చే ఆడపిల్లలకు అందులో హాస్టలు కట్టాలని వీలునామా రిజిస్టరు చేయించాడు. యూనివర్సిటీ వద్దంటే మాత్రం మేనల్లుడు జస్టిన్‌కు చెందాలన్నాడు. ఆ చివరి వాక్యం రాయకుండా ఉంటే ఈ వారం నాకు ఇంత నెత్తురు రాసే పని తప్పేది.

ఖమ్మం దవాఖానాలో ప్రాణం పోయే ముందు ఆయన, "నన్ను తోటల పెట్టుండ్రి" అన్నాడు. మంచం చుట్టూ ఉన్న అందరూ విన్నారు. ఆ తర్వాత ఇంకో మాట కూడా గొణిగాడు గానీ, ఏడుపుల్లో అది చెల్లెలు విశ్రాంతమ్మ చెవి దాటి పోలేదు.

అదే రోజు దవాఖానా వరండాలో ఇంకొకాయన నోరు జారాడు. పేరు సుకుమార్. జోజి క్లాస్‌మేటు, యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి. మిత్రులందరి దగ్గరికీ తిరిగి, "మనకు అన్నం పెట్టిన హాస్టలురా, పోయేముందు ఏదన్నా రాసిపోండి" అని వెంటపడటం ఆయన పని. ఆయన ఫోను వస్తే పాత దోస్తులు హలో అనరు, "ఇంకా బతికే ఉన్ననురా" అంటారు. అటువంటి మంచివాడు, జస్టిన్ మామూలుగా అడిగినట్టు "ఆ జాగల సమాధి గిట్ల ఉంటే ఏమైతది సారూ?" అని అడిగితే, "అయ్యో, సమాధి ఉంటే యూనివర్సిటీ తీసుకోదు బాబూ. అసుంటి కాడ హాస్టలు కడితే ఏ తల్లి తన బిడ్డను పంపుతది?" అని చెప్పేశాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. సుకుమార్ నోరు మంచిదే, కాస్త పొడుగెక్కువ.

తెల్లారింది. జోజి ఇంటి ముందు టెంటు వేశారు. ఫ్రీజర్ డబ్బాలో ఆయన కొత్త తెల్ల చొక్కాతో పడుకుని ఉన్నాడు. చర్చి వాళ్లు మైకు పెట్టి పాటలు పాడుతున్నారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు డబ్బా చుట్టూ తిరిగి, చెమ్మగిల్లిన కళ్లతో టీ గ్లాసు అందుకుంటున్నారు. చావింట్లో టీ ఎందుకంత తియ్యగా ఉంటుందో నాకెప్పుడూ అర్థం కాలేదు.

విశ్రాంతమ్మ అన్న తల దగ్గర కూర్చుని ఉంది. బొగ్గుబావుల దవాఖానాలో ఆయాగా చేసి దిగిపోయిన మనిషి, చావులు కొత్త కాదు. భర్త చిన్నతనంలోనే పోతే కొడుకును తీసుకుని అన్న పంచన చేరింది. ఆ కొడుకే జస్టిన్. ఇప్పుడు సొంత జేసీబీ ఉంది, ఊళ్లో పేరుంది, ఆ పేరు వెనక కొంత భయం కూడా ఉంది.

"మట్టి ఎప్పుడు పెద్దమ్మా?" అని ఒకామె అడిగింది.

"పాస్టరయ్యగారు భద్రాచలంల ప్రార్థన కూడికకు పోయిండు, పగటికల్ల వస్తడు. వచ్చినంక తోటకు తీస్కపోతం."

"తోటల గుంత అప్పుడే తవ్వుతున్నరు గద. జేసీబీ పోయింది."

విశ్రాంతమ్మ తల ఎత్తింది. సమాధుల తోటలో జేసీబీతో ఎవరూ గుంత తవ్వరు. సొంతవాళ్లు పార పట్టుకుని, చెమటోడ్చి, ఒకరి చేతిలోంచి ఒకరు గడ్డపార అందుకుని తవ్వుతారు. చచ్చినవాడికి చేసే ఆఖరి పనిని ఇనుపబండికి అప్పగించడం వాళ్ల ఇళ్లలో లేదు.

"ఏ తోట?" అంది.

"మామిడితోటనే. జోజయ్య గట్లనే చెప్పిండంట గద, జస్టిన్ అన్నడు."

ఇక్కడ తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆ క్రైస్తవ ఇళ్లలో తోట అంటే రెండు. మామిడికాయలు కాసేది ఒకటి. చర్చి వెనక రాతి సిలువలు నిలబడి ఉండే సమాధుల తోట రెండోది. చావు మాట వచ్చినప్పుడు తోట అంటే రెండోదేనని చిన్నపిల్లలకు కూడా తెలుసు. జస్టిన్‌కూ తెలుసు. తెలియనట్టు నటించడానికి మాత్రం ఆ ఒక్క మాట చాలు. దవాఖానా నుంచి వచ్చేటప్పుడు దారి పొడుగునా అందరికీ ఫోన్లు చేసి, "తోటల పెట్టమన్నడు మా అన్న" అని ఏడ్చి చెప్పింది కూడా విశ్రాంతమ్మే. కొడుకుకు సాక్షులను తల్లే తయారు చేసిపెట్టింది, పాపం.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా లేచింది.

తోటకు సుకుమార్ ఆమెకంటే ముందే చేరాడు. ఆయన స్కూటరు గేటు దగ్గర పడి ఉంది. మొదటి వరసలో కాపుకొచ్చిన రెండు చెట్లను జేసీబీ వేళ్లతో సహా పెకిలించి పక్కన పడేసింది. పిందెలు ఎర్రమట్టిలో చిందరవందరగా ఉన్నాయి. జేసీబీ దంతాలకు అడ్డంగా, హెల్మెట్టయినా తియ్యకుండా, చేతులు చాపి సుకుమార్ నిలబడ్డాడు. గుంత అప్పటికే మనిషి ఎత్తు దాటింది. చేత్తో తవ్వినవాడికి ఎక్కడ ఆపాలో నడుము చెబుతుంది, బండికి నడుము లేదు కదా.

"జరుగు సారూ," అన్నాడు జస్టిన్. చేతిలో పార ఉంది.

"జరగ. జోజి నా దోస్తు. ఆయన ఏ తోట అన్నడో నాకు తెల్సు, నీకూ తెల్సు."

"దోస్తువా? బతికున్నోళ్ల కాడికొచ్చి నువ్వెప్పుడు చస్తవని అడిగెటోనివి నువ్వు దోస్తువా? ఈ చెట్లకు ఎండాకాలం ట్యాంకరు తెచ్చి నీళ్లు పోసింది నేను. రేపు హాస్టలు బోర్డు మీద పేరు మామది, జాగ యూనివర్సిటీది. సొమ్మొకడిది, సోకొకడిది."

"ఆడపిల్లల కోసం బాబూ. జోజి, నేను ఆ హాస్టల్ల తిన్న అన్నం ఎవరో ముక్కు మొహం తెల్వని పాత స్టూడెంటు చచ్చిపోతూ ఇచ్చిన పొలంల పండింది. ఆ రుణం..."

ఆయన మాట పూర్తి కాలేదు. పార కర్ర తిరిగి ఆయన భుజం మీద పడింది. సుకుమార్ వంగాడు. రెండో దెబ్బకు మోకాలు మడతపడింది. మూడోది తలకు గురిపెట్టిందే, హెల్మెట్టుకు తగిలింది. ఆ హెల్మెట్టే లేకపోతే ఆ రోజు రెండు గుంతలు కావాల్సి వచ్చేది. పడినవాణ్ని కూడా వదలకుండా జస్టిన్ బూటుకాలితో ముంజేతి మీద తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు జేసీబీ రొదలోనూ వినబడింది.

బండి మీదున్న రెడ్యా ఇంజను ఆపేశాడు. తండా నుంచి వచ్చి జస్టిన్ దగ్గర డ్రైవరుగా చేస్తున్న మనిషి.

"నాతోని కాదన్నా. మన్ను తవ్వుమంటే తవ్విన. మనుషుల మీదికి బండి నడప."

"దిగు."

"అన్నా, ముసలాయన..."

జస్టిన్ కాలరు పట్టి గుంజాడు. రెడ్యా మొహం ఇనుపమెట్టుకు కొట్టుకుని పెదవి రెండుగా చీలింది. కిందపడ్డవాడి కడుపులో రెండు తన్నులు తన్ని, తాళం చెవి లాక్కున్నాడు.

విశ్రాంతమ్మ వచ్చి చూసిన దృశ్యం అదీ. ఒక్క కేక వెయ్యలేదు. నేరుగా సుకుమార్ దగ్గరికి పోయి, తన కొంగు చించి, పక్కనే పడి ఉన్న మామిడి కొమ్మ విరిచి, చేతికి బద్దలాగా పెట్టి కట్టు కట్టింది. బావిలో నలిగిన చేతులు ఎన్నో కట్టిన చెయ్యి అది. కట్టు కడుతుండగా సుకుమార్ నొప్పికి పళ్లు కొరుక్కుంటూ, "చెల్లె, తప్పు నాది. నేనే చెప్పిన సమాధి సంగతి," అన్నాడు.

"మాట్లాడకన్నా. రెడ్యా, నువ్వు లేవగలుగుతవా బిడ్డా? సారును స్కూటరు మీద కూసోబెట్టుకొని కారేపల్లి దవాఖానకు తీస్కపో. జల్దీ."

"నువ్వు, పెద్దమ్మా?"

"నా కొడుకు కాడ నాకేం భయం?"

ఆ మాట ఆమె నిజంగా నమ్మి అన్నదే. స్కూటరు చప్పుడు దూరమయ్యాక తల్లీకొడుకులు ఇద్దరే మిగిలారు.

"ఇంటికి పో అమ్మా," అన్నాడు జస్టిన్.

"ఆ గుంత పూడువు. పూడ్చినంకనే పోత."

"తోటల పెట్టమన్నడు. నువ్వే అందరికి చెప్పినవ్. ఇది తోట కాదా? ఇవి మామిడిచెట్లు కావా?"

"ఆ మాట నీ నోటితోని ఇంకొకసారి అను, నా మొహం చూసి అను."

అతను ఆమె మొహం చూడలేదు. మాట మార్చాడు. "యూనివర్సిటీ వాళ్లు నన్ను చదువు నడుమ ఎల్లగొట్టిననాడు మామ ఒక్క ఫోను చెయ్యలే. ఆయన మాటంటే ఆడ ఎంత ఇలువ. ఒక్కటే మాట అడిగిన. కాళ్లు పట్టుకున్న అమ్మా. చెయ్యలే. ఇయ్యాల గదే యూనివర్సిటీకి నా చేతుల మీది తోట రాసిచ్చిండు. నేనెవర్ని ఆయనకు?"

ఈ మాటల్లో దుఃఖం ఉంది. నేను కాదనను. పెంచిన మామ తనకంటే ఒక భవనాన్ని ఎక్కువగా ప్రేమించాడని నమ్మిన కుర్రాడు లోపల ఎలా కాలిపోతాడో ఊహించగలను. విశ్రాంతమ్మ కూడా ఊహించింది. ఆమె కళ్లు తడిశాయి గానీ గొంతు తడవలేదు.

"హాస్టల్ల పిల్లగాని తల పలగ్గొడితివి. ఏమని ఫోను చేస్తడురా? ఇంకో తల పలగ్గొట్టనీకి జాగ ఇయ్యుండ్రి అని చేస్తడా? అప్పుడు వాని తల. ఇయ్యాల సుకుమారన్న చెయ్యి. రేపెవరు, నేనా?"

"అడ్డమొస్తే నువ్వు గూడ."

ఆమె కొట్టింది. అరిచేయి పూర్తిగా తెరిచి, ఉన్న బలమంతా పెట్టి. జస్టిన్ కింది పెదవి పంటికి తెగింది. నాలుకతో నెత్తురు రుచి చూసి, తల్లి రెక్క పట్టుకుని విసిరేశాడు. పెకిలించిన చెట్టు మొద్దుకు నుదురు కొట్టుకుని ఆమె పడిపోయింది. కనుబొమ్మ చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. తల్లి మీద చెయ్యి వేసిన కొడుకు గురించి రాయడానికి నా దగ్గర మంచి మాటలు లేవు, వెతకను కూడా.

జస్టిన్ జేసీబీ ఎక్కి ఇంజను తిప్పాడు. గుంత అంచులు సరిచేసి, ఇంటికి పోయి డబ్బా తీసుకొచ్చి, పాస్టరు రాకముందే మామను దించేయాలని అతని ఆలోచన. ఒకసారి మట్టి పడ్డాక ఎవరూ తియ్యరు. తీద్దామన్నవాణ్ని ఊరు బతకనివ్వదు. తోట శాశ్వతంగా తనదవుతుంది.

తొట్టి నిండా మట్టి ఎత్తి పక్కకు తిప్పబోతూ చూశాడు. మొద్దు దగ్గర తల్లి లేదు.

ఆమె గుంతలో ఉంది. అంచున కూర్చుని, జారి, లోపలికి దిగిపోయింది. జోజిని పడుకోబెట్టాల్సిన చోట వీపు గోడకు ఆనించి నిలబడి పైకి చూస్తోంది. నుదుటి నెత్తురు మెడ దాకా వచ్చింది.

"బయటికి రా."

"రాను. నీ మామ కంటె ముందు నన్ను పూడువు."

"అమ్మా, నా తిక్క సంగతి నీకు తెల్సు."

"తెల్సు. నేనే కన్న."

తొట్టి ఆమె తల మీదికి వచ్చి ఆగింది. చిన్న చిన్న గడ్డలు రాలి భుజాల మీద పడుతున్నాయి. ఆమె కళ్లు మూసుకోలేదు. అప్పుడు తొట్టి వంగింది. బెదిరించడానికే వంచాడో, చెయ్యి జారిందో, నిజంగానే పోశాడో, తర్వాత అతను ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పుకున్నాడు. నాకు తెలిసింది ఒక్కటే. మట్టి మొత్తం ఒక్కసారిగా ఆ అరవై దాటిన మనిషి మీద పడింది.

దుమ్ము లేచి గుంత కనిపించలేదు. జస్టిన్ ఇంజను ఆపి దూకాడు. అంచు దగ్గర మోకాళ్ల మీద పడి, "అమ్మా, అమ్మా" అన్నాడు. చిన్నప్పుడు పొద్దున లేవగానే పిలిచే గొంతుతో పిలిచాడు.

దుమ్ము తగ్గింది. విశ్రాంతమ్మ నిలబడే ఉంది. నడుము దాకా మట్టిలో కూరుకుపోయి, జుట్టంతా ఎర్రగా అయి, దగ్గుతూ, నోట్లో మట్టి ఉమ్మింది. ఊపిరి అందాక మాట్లాడింది.

"మీ మామ ఇంకో మాట అన్నడురా. ఏడ్పులల్ల ఎవరికి ఇనవడలే. నన్ను తోటల పెట్టుండ్రి, సువార్త పక్కన, అన్నడు. ఇగ చెప్పు. సువార్త ఏడున్నది? ఈ మామిడిచెట్ల కింద ఉన్నదా, చర్చి ఎనక ఉన్నదా?"

జస్టిన్ చర్చి వైపు తల తిప్పాడు.

"నీకు జరమొస్తే ఒళ్లో పండుకోబెట్టుకొని ముద్దలు పెట్టింది గా అత్తనే గద. ఆమెను ఆడ ఒక్కదాన్ని ఇడిచిపెట్టి, ఈడ పండుకుంటడా మీ మామ? సువార్త లేని కాడ ఆయన ఉండడు బిడ్డా. బతికున్నప్పుడే ఉండలే, చచ్చినంక ఉంటడా?"

అతను అంచున కూలబడి ఏడ్చాడు. భుజాలు అదిరేలా, చీమిడి కారేలా ఏడ్చాడు. మామ పోయినప్పటి నుంచి అతని కంట చుక్క రాలేదు. ఆ ఏడుపు వింటూ విశ్రాంతమ్మ మనసులోనే ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. గెలిచాననుకుంది. నుదురు చిట్లితే చిట్లింది, కొడుకు తిరిగొచ్చాడు, అన్న మాట నిలబడింది, అడవి పిల్లల హాస్టలు నిలబడింది.

"చెయ్యియ్యి బిడ్డా," అంది, తన చేతులు పైకి చాపి.

జస్టిన్ మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. ఆ చేతుల వైపు చూశాడు గానీ అందుకోలేదు. ఏదో తెలియని సంగతి తెలిసినవాడిలా నెమ్మదిగా లేచాడు.

"అవ్ అమ్మా," అన్నాడు. "నువ్వన్నదే కరెక్టు. అత్త లేని కాడ మామ ఉండడు."

"అందుకే గద..."

"అయితే అత్తను గూడ ఈడికే తెస్త."

విశ్రాంతమ్మకు ముందు అర్థం కాలేదు. చేతులు అలాగే పైకి చాపి ఉన్నాయి. ఇంజను మళ్లీ లేచి, చక్రాలు గేటు వైపు తిరిగినప్పుడు అర్థమైంది. తాను గెలిచాననుకున్న మాటనే కొడుకు పట్టుకుపోతున్నాడు.

"జస్టినూ. వద్దురా. ఆమె జోలికి పోకురా."

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని సామెత. ఆ సామెత చెప్పినవాళ్లు ఇటువంటి కొడుకును చూసి ఉండరు. నడుము దాకా ఉన్న మట్టిని విశ్రాంతమ్మ గోళ్లతో తోడింది. తోడినకొద్దీ పక్కల నుంచి జారి పడింది. గుంత అంచు ఆమె చేతికి అందనంత పైన ఉంది. గొంతు చిరిగేలా అరిచింది. జోజి ఇంటి ముందు మైకులో పాట ఇంకా పెద్దదైంది, కొత్తగా ఎవరో దగ్గరి చుట్టాలు వచ్చినట్టున్నారు. స్కూటరు మీద పోయిన ఇద్దరూ కారేపల్లి దారిలో ఉన్నారు. పాస్టరు భద్రాచలం నుంచి ఇంకా రాలేదు.

జేసీబీ చప్పుడు రోడ్డు దాటింది, చర్చి మలుపు తిరిగింది, ఆగింది.

విశ్రాంతమ్మ తోడటం ఆపి చెవి పెట్టింది. చప్పుడు లేదు. సువార్తమ్మ సమాధి మీద పేరు తానే పట్టుబట్టి చెక్కించాడు జస్టిన్, మొదటి సంపాదనతో. ఆ పేరు చూసి చెయ్యి ఆడి ఉండదు. ఆడదు. ఎంత కోపిష్ఠివాడైనా అంత పని చెయ్యడు, నా కడుపున పుట్టినవాడు, అనుకుంటూ ఆమె మట్టిచేతులు జోడించింది.

ఇంజను మళ్లీ మొదలైంది. ఆ వెంటనే ఇనుము రాతి పలకను కొట్టిన చప్పుడు గుంత దాకా వచ్చింది.

మొదటి దెబ్బకు పలక పగల్లేదు. రెండో దెబ్బకు పగిలింది.